వీధి తలుపు దాకా

నోర్మా అక్రాయిడ్‌కి శుభ్రం పిచ్చి. అది తల్లి నుంచి వచ్చిన పిచ్చి. హేథర్‌షా అనే మిల్లుల ఊళ్ళో ఆమె పుట్టిన వీధిలో ఇళ్ళన్నీ వీపుకి వీపు ఆనించి కట్టినవే, గోడలన్నీ మిల్లు పొగకి నల్లబడినవే. అయినా ప్రతి శుక్రవారం ఆ వీధి ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం ముందు రాతి మెట్టుని తోమి, అంచుకి రాయితో తెల్లగా గీత దిద్దేవాళ్ళు. మెట్టు మాసిందంటే ఆ ఇల్లాలి పరువు పోయినట్టే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న మాట ఆ వీధిని చూసి పుట్టిందేమో అనిపిస్తుంది. లోపల రొట్టె నిండుకున్నా మెట్టు మాత్రం మెరవాలి.

ఆ వీధిలో కష్టం చెప్పుకోవడం కూడా మెట్టు మాసిపోవడం లాంటిదే. ఎవరైనా ఎలా ఉన్నావంటే "ఏదో నెట్టుకొస్తున్నాం" అనాలి. కాలు విరిగినా అదే మాట, కొంప మునిగినా అదే మాట. పిల్లలు నిలవక రెండుసార్లు ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చినప్పుడు కూడా నోర్మా పక్కింటివాళ్ళతో నెట్టుకొస్తున్నాననే అంది. మూడో రోజున బడి వంటింట్లో పిల్లలకి బంగాళాదుంపల ముద్ద వడ్డిస్తూ కనబడింది. పదవీ విరమణ దాకా ఆ గరిట వదల్లేదు.

ఆమె భర్త హారల్డ్ పాత గుడ్డలు చీల్చి మళ్ళీ ఉన్ని తీసే మిల్లులో పనిచేశాడు. ఆ గుడ్డల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు ముక్కుకి గొట్టం, పక్కన రోజంతా గురకపెట్టే ఆక్సిజన్ మిషన్. ఇద్దరూ ఉండేది ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చే ఫ్లాట్లలో, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. పెళ్ళైన కొత్తలో ఆ ఫ్లాటు ఇచ్చినప్పుడు లోపలే స్నానాల గది ఉందని నోర్మా ఏడ్చినంత పనిచేసింది. అప్పుడు మెట్ల సంగతి ఎవరికీ పట్టలేదు, హారల్డ్ రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేవాడు.

కిందటి శరత్కాలం నుంచి హారల్డ్ ఇంట్లోంచి కదలడం మానేశాడు. ఆసుపత్రికి వెళ్ళాలంటే అంబులెన్సువాళ్ళు కుర్చీలో కట్టి మోసుకెళ్ళాలి. మిగతా రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా ఉన్న బస్టాండు చూస్తాడు. ఏ బస్సు ఆలస్యంగా వచ్చిందో, ఏ డ్రైవరు కొత్తవాడో అతనికి తెలుసు. అతను అటు చూస్తుంటే నోర్మా అతన్ని చూస్తుంది. రొట్టెలకని కిందకి దిగినా పరుగున పైకి వస్తుంది, కాబట్టి ఆమె కూడా ఆ గదిలో ఖైదీయే. కాకపోతే ఆమెకి తాళం చెవి ఉంది, అంతే తేడా.

ఇద్దరికీ కావలసింది ఒక్కటే: చర్చి వెనక క్రాఫ్ట్ సందులో కౌన్సిల్ వాళ్ళ నేల ఇళ్ళలో ఒకటి. రెండు చిన్న గదులు, మెట్లు లేని గుమ్మం, ముందు బల్ల వేసుకునేంత పచ్చిక. "ఆ బల్ల మీద కూర్చుని నా ముఖానికి కాస్త వాన తగిలితే చాలు" అనేవాడు హారల్డ్. ముసలివాళ్ళకని కట్టిన ఇళ్ళవి. ఒకరు పోతే గానీ ఇంకొకరికి రావు. అందుకని నోర్మా గురువారం పత్రికలో ముందుగా చావుల పేజీ తిప్పేది. క్రాఫ్ట్ సందు పేరు కనబడితే "పాపం" అనేది, ఆ మాట వెనకే గుండె దడదడలాడేది. అలా దడదడలాడినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

వాళ్ళు వరసలో చేరి తొమ్మిదేళ్ళయింది. పాత పద్ధతిలో ముందు చేరినవాళ్ళకి ముందు ఇల్లు. ఇంకో రెండు మూడు చావులకి వీళ్ళ వంతు వస్తుందనగా, కౌన్సిల్ ఇళ్ళ కేటాయింపు పద్ధతి మారుస్తామంది. ఎన్నాళ్ళుగా ఆగుతున్నారన్నది ఇక లెక్కలోకి రాదు, ఎవరికెంత అవసరమన్నదే చూస్తారు. జనాన్ని నాలుగు వరసలుగా విడదీస్తారు, మొదటి వరస వాళ్ళకే ముందు ఇస్తారు. ఊరివాళ్ళ అభిప్రాయం కోసం లైబ్రరీ హాల్లో సమావేశం పెట్టారు.

"క్యూ అంటే క్యూ" అన్నాడు హారల్డ్ ఆ ఉదయం. "ముందొచ్చినవాడికి ముందు. వీడి అవసరం లావు, వాడి అవసరం సన్నం అని తూకం వేసేదెవరు?"

"నీలాంటివాళ్ళ కోసమేగా మారుస్తోంది. నీకంటే అవసరం ఈ ఊళ్ళో ఇంకెవరికుంది?"

"నాకేమైంది?" అన్నాడు ముక్కుకున్న గొట్టం సర్దుకుంటూ.

నోర్మాకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. హాలుకి వెళ్ళి, అవసరమున్నవాళ్ళకే ముందివ్వాలని చెయ్యెత్తిన వాళ్ళలో తనూ చెయ్యెత్తింది. అది న్యాయమని నిజంగానే నమ్మింది. న్యాయమే. కానీ అవసరం ఉండడం వేరు, ఉందని నోరు తెరిచి చెప్పడం వేరు. ఆ రెండోది నోర్మా లాంటివాళ్ళకి చేతకాదు. ఆ సంగతి కౌన్సిల్‌కి తట్టలేదు, నోర్మాకీ తట్టలేదు.

కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. తొమ్మిదేళ్ళూ ఒక్క వాక్యంతో కొట్టుకుపోయాయి. వరసలో ఉన్న ప్రతి ఇంటికీ అధికారి వచ్చి చూసి వెళ్తాడన్నారు.

వస్తాడన్న కబురు అందిన రోజు నుంచీ నోర్మా చీపురు పట్టుకుంది. కిటికీ తెరలు ఉతికింది. స్నానాల గది గోడ మూల నల్లగా పెరిగిన బూజుని బ్లీచింగ్‌తో గీకి, దాని మీద తెల్ల రంగు పూసింది. హారల్డ్ కుర్చీ పక్కనుండే కమోడ్ కుర్చీని పడకగదిలో బీరువా వెనక్కి నెట్టి దుప్పటి కప్పింది. మిషన్ని తెర చాటుకి జరిపింది. పెళ్ళికిచ్చిన బంగారు అంచు కప్పులు కిందకి దించింది. అధికారి వచ్చే రోజు హారల్డ్ తెల్లవారుజామునే గడ్డం గీసుకుని టై కట్టుకున్నాడు. ఆ టై ముడి వేసుకోవడానికే మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

వచ్చిన కుర్రాడి పేరు గారెత్. వినయంగా కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చాడు. టీ తీసుకున్నాడు, అల్లం కేకు ఇంకో ముక్క అడిగి తిన్నాడు. నోర్మాకి అతను నచ్చాడు.

"మెట్లతో ఇబ్బందిగా ఉంటోందా, మిస్టర్ అక్రాయిడ్?"

"ఏదో నెట్టుకొస్తున్నాం బాబూ."

"మరి స్నానం అదీ?"

హారల్డ్ చేతిలోని టీ కప్పు వైపు చూశాడు. స్నానం నోర్మా చేయిస్తుంది, చిన్నపిల్లాడికి చేయించినట్టు. ఆమే మాట అందుకుంది. "అదీ అలాగే. నెట్టుకొస్తున్నాం."

గారెత్ ముఖంలో కాస్త తేలిక కనబడింది. వెళ్ళిన ప్రతి ఇంట్లో ఏడుపులు విని ఉంటాడు, పాపం. ఈ ఇంట్లో ఊపిరి పీల్చుకున్నాడు. కప్పు పక్కన పెట్టి లేచాడు. అతనితో పాటు హారల్డూ లేచాడు. ముక్కుకున్న గొట్టం తీసి కుర్చీ చేతికి తగిలించాడు.

"పదండి, వీధి తలుపు దాకా వస్తాను."

"అయ్యో, మీరెందుకండీ. నేను వెళ్తాను."

"ఆ తలుపు కొత్తవాళ్ళకి లొంగదు. కాస్త పైకెత్తి లాగాలి. లేకపోతే గాలికి కొట్టుకుంటూనే ఉంటుంది."

హారల్డ్ వాళ్ళ నాన్న కూడా అంతే. వారం వారం బాకీ వసూలుకొచ్చినవాణ్ణి కూడా వీధి చివరిదాకా సాగనంపేవాడు. గుమ్మం తొక్కినవాణ్ణి ఒంటరిగా పంపడం అక్రాయిడ్ల ఇంటా వంటా లేదు. నోర్మా టీ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. "వద్దు, నువ్వు దిగలేవు" అన్న ఒక్క మాట గొంతులో ఉంది. పరాయివాడి ముందు మొగుణ్ణి అంత మాట ఎలా అంటుంది? ఆ ఒక్క మాట అని ఉంటే వాళ్ళ బతుకు మారేది. అనలేదు. మెట్ల మీద అతని నవ్వూ, బస్సుల గురించి కుర్రాడికి చెబుతున్న కబుర్లూ వినబడుతూ కిందకి వెళ్ళాయి. కింద తలుపు చక్కగా, మెత్తగా పడింది.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

మొదట చూసింది రెండో అంతస్తులో ఉండే పర్వీన్. చిన్న టైలరింగు కొట్టు నడుపుకునే మనిషి, నోర్మాని ఆంటీ అని పిలుస్తుంది. కొట్టు నుంచి భోజనానికి వస్తూ, కింది మెట్టు మీద గోడకానుకుని కూర్చున్న హారల్డ్‌ని చూసింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఆంటీ, చిన్న ఆక్సిజన్ సిలిండర్ తీసుకుని రండి, తొందరగా" అని కింది నుంచే కేక పెట్టింది.

అంబులెన్సు పిలుస్తానంటే హారల్డ్ చెయ్యి అడ్డం ఊపాడు. ఆడవాళ్ళిద్దరూ అతన్ని చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. ప్రతి మలుపులోనూ వంటింటి స్టూలు వేసి కూర్చోబెట్టారు, ఊపిరి అందాక మళ్ళీ లేపారు. దిగడానికి పట్టింది కాసేపే, ఎక్కడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఆఖరికి కుర్చీలో పడ్డాక హారల్డ్ కళ్ళు తెరిచి "మర్యాద తెలిసిన కుర్రాడు" అన్నాడు.

నెల తిరక్కుండా కౌన్సిల్ జవాబు వచ్చింది. నోర్మా కిటికీ దగ్గర నిలబడి పైకే చదివింది. ఇల్లు పొడిగా, మంచి స్థితిలో ఉంది. మిస్టర్ అక్రాయిడ్ ఎవరి సాయం లేకుండా మూడంతస్తులు దిగి అధికారిని వీధి తలుపు దాకా సాగనంపారు. నాలుగో వరస.

"అబద్ధమేం రాశాడు?" అన్నాడు హారల్డ్. "దిగానుగా."

"దిగావు. ఎక్కావా?"

"అతనేమన్నా చూశాడా, ఎక్కడం?"

నోర్మా కాగితం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేసింది. ఏడుపు బయటికి వినబడకుండా ఆమె చేసే పని అది. ఆ రోజు ఆమెకి అందరి మీదా కోపం వచ్చింది. కుర్రాడి మీద, మొగుడి మీద, లైబ్రరీలో ఎత్తిన తన చేతి మీద. అన్నిటికంటే ఎక్కువగా, మోకాళ్ళు కాయలు కాసేలా రాతి మెట్టు తోమిన చచ్చిపోయిన తల్లి మీద.

నాలుగో వరస అంటే వరసే కాదు. ఆ నెలలోనే క్రాఫ్ట్ సందులో ఒక ముసలాయన పోయాడు. నోర్మా ఆ ఇంటికి దరఖాస్తు పెట్టింది. ముందు నలభై మందికి పైగా ఉన్నారని తెలిసింది. గురువారం పత్రిక తెప్పించడం మానేసింది. ఇప్పుడు చావులు కూడా వాళ్ళకి పనికిరావు.

"మళ్ళీ చూడమని అడగొచ్చు ఆంటీ" అంది పర్వీన్ ఒక సాయంత్రం, సమోసాల గిన్నె బల్ల మీద పెడుతూ. "పై ఆఫీసరెవరో వస్తారు. మా అమ్మకి అలాగే అడిగాం. కానీ ఒక్క మాట. ఈసారి ఇల్లు ఊడవకండి."

"ఏంటీ?"

"ఊడవకండి. ఆ బంగారు కప్పులు దించకండి. అంకుల్‌కి టై కట్టకండి. మీ మంచి రోజు చూపించి, చెడ్డ రోజు ఇల్లు ఇమ్మంటే ఎవరిస్తారు?"

"అది దొంగ నాటకం కదే."

"మొన్న ఆడింది నాటకం" అంది పర్వీన్. "ఇది మీ ఇల్లు, ఉన్నది ఉన్నట్టు."

అది నిజమని నోర్మాకి తెలుసు.

మళ్ళీ చూడడానికి వచ్చేది మిసెస్ లోమాక్స్ అనే ఆవిడ, ఫిబ్రవరిలో ఒక మంగళవారం. ఆ వారమంతా నోర్మా చేతులు కట్టేసుకుంది. తోమడం కంటే తోమకుండా ఉండడమే ఎక్కువ కష్టమని ఆమెకి డెబ్బై రెండేళ్ళకి తెలిసింది. స్నానాల గది మూల బూజు తెల్ల రంగుని చీల్చుకుని మళ్ళీ వచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా అరిచెయ్యి దురద పెట్టినట్టుండేది. సోమవారం ఆగలేక గుడ్డ తడిపి పట్టుకుంది, గోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

మంగళవారం ఉదయం కమోడ్ కుర్చీని ఎప్పుడూ ఉండే చోటే, హారల్డ్ మోచేతి పక్కనే ఉంచింది.

"అది లోపల పెట్టు, పిల్లా" అన్నాడు హారల్డ్. పెళ్ళికి ముందు నుంచీ అతనామెని పిల్లా అనే పిలుస్తాడు.

"పెట్టను."

"ఆడమనిషి వస్తోంది."

"ఆడమనిషి కాబట్టే అర్థం చేసుకుంటుంది."

"పెట్టు, నోర్మా." పేరు పెట్టి పిలిచాడంటే కోపం వచ్చినట్టు. ఎన్నో ఏళ్ళుగా అలా పిలవలేదు. "నన్ను దాని పక్కన కూర్చోబెట్టి చూపిస్తావా?"

"నువ్వు రోజూ దాని పక్కనే కూర్చుంటున్నావు. నేను తప్ప చూసేవాళ్ళు లేరు, అందుకే మనం ఇక్కడే చస్తున్నాం." కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడింది. "నీకు వాన కావాలా, టై కావాలా?"

హారల్డ్ ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. టై మాత్రం అడగలేదు.

మిసెస్ లోమాక్స్ పైకి వచ్చేసరికి ఆయాసపడుతోంది. ఆ ఆయాసం చూసి నోర్మాకి కాస్త ధైర్యం వచ్చింది. మామూలు మగ్గులో టీ ఇచ్చింది. ఆవిడ గదంతా ఒకసారి చూసి, కమోడ్ కుర్చీ దగ్గర చూపు ఆపకుండా దాటించింది. మంచి మనిషి.

"చెప్పండి మిసెస్ అక్రాయిడ్. రోజు ఎలా గడుస్తుంది మీకు?"

ఏదో నెట్టుకొస్తున్నాం అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. నోర్మా దాన్ని మింగింది. మగ్గు వంకే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే అతన్ని లేపి, ఎత్తి ఆ కుర్చీలో కూర్చోబెడతానని చెప్పింది. తుడుస్తానని చెప్పింది. స్నానం తానే చేయిస్తానని, ఒక్కోసారి రాత్రుళ్ళు దుప్పటి తడుస్తుందని, అప్పుడు అతను నిద్రపోతున్నట్టు నటిస్తాడని, తనూ నమ్మినట్టు నటిస్తుందని చెప్పింది. ఆ రోజు గారెత్‌ని సాగనంపాక హారల్డ్‌ని పైకి ఎలా ఎక్కించారో చెప్పింది. ఆమె జన్మలో ఎవరి ముందూ అంతసేపు మాట్లాడలేదు. ఒక్కసారి కూడా భర్త వైపు చూడలేదు.

మిసెస్ లోమాక్స్ హారల్డ్ వైపు తిరిగింది. "మిస్టర్ అక్రాయిడ్, మీరేమంటారు? మీ నోటి నుంచి కూడా వినాలి నేను."

నోర్మా ఇంకా మగ్గు వంకే చూస్తోంది. అతను నెట్టుకొస్తున్నాం అంటే అంతే, తను విప్పి పరిచినదంతా ఉత్తదైపోతుంది. అంటాడనే అనుకుంది. ఆ మాట మీదే బతికిన మనిషి. కింద బస్టాండులో ఒక బస్సు కదిలి వెళ్ళిపోయింది.

"ఆవిడ చెప్పిందే" అన్నాడు హారల్డ్ కిటికీ వైపే చూస్తూ. "ఇంకా తగ్గించి చెప్పింది."

మిసెస్ లోమాక్స్ కలం మూత పెట్టింది. "మొదటి వరసలో వేస్తున్నాను. జవాబు వారంలో వస్తుంది. కానీ మీకు ఆశ పెట్టి వెళ్ళలేను. ఇప్పుడు ఖాళీ ఇల్లు ఒక్కటీ లేదు. ఏడాదికి మూడో నాలుగో ఖాళీ అవుతాయి. మీలాంటివాళ్ళు మొదటి వరసలో ఇంకా చాలామంది ఉన్నారు."

"మంచిదండీ" అంది నోర్మా. గెలిచింది. గెలిచాక చూస్తే అదే గది, అదే కిటికీ, పోయినవాళ్ళ పేర్ల కోసం తిప్పాల్సిన అదే పత్రిక.

ఆవిడ లేచింది. హారల్డ్ చేతులు వాటంతటవే కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్నాయి. మణికట్ల మీద నరాలు తేలాయి. ఒళ్ళు కాస్త పైకి లేచింది. నోర్మా వద్దన్నట్టు చూడలేదు, లేవమన్నట్టూ చూడలేదు. అతని చేతులు మెల్లగా వదులయ్యాయి. వెనక్కి వాలిపోయాడు.

"నేను వెళ్తానులెండి" అంది మిసెస్ లోమాక్స్, ఏమీ గమనించనట్టు.

అడుగుల చప్పుడు ఒక్కో అంతస్తూ దిగిపోయింది. కింద తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. ఆవిడకి పైకెత్తి లాగాలని ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరి గాలికి తలుపు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"నేను వెళ్ళి వేసి వస్తాను" అని నోర్మా లేచింది.

"కూర్చో, పిల్లా" అన్నాడు హారల్డ్. కళ్ళు ఆమె వైపు తిప్పలేదు. "కొట్టుకోనీ."

నోర్మా కూర్చుంది. కొంతసేపటికి చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది. అతను వెనక్కి తీసుకోలేదు, అలాగని తిరిగి పట్టుకోనూ లేదు. పర్వీన్ కొట్టు నుంచి వచ్చి ఆ తలుపు వేసేదాకా ఇద్దరూ అది కొట్టుకోవడం వింటూ అలాగే కూర్చున్నారు.